నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి

అయినా నిమ్మలో లవంగం కలిపితే మనిషికి అంత కోపం ఎందుకు రావాలి? గిన్నె తోముతున్నంతసేపూ నా బుర్రలో ఇదే. మైనం అంటిన గిన్నెని ముందు కాస్త వేడి చేసి కాగితంతో తుడవాలి, చల్లనీళ్ళ కింద పెట్టి ఎంత రుద్దినా లాభం లేదు. ఆ సంగతి తెలిసే రుద్దుతున్నాను. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా. లేకపోతే హాల్లోకి వెళ్ళి, "అసలు నీ బాధేంటి అక్కా?" అని అడగాల్సి వస్తుంది. అడిగితే చెప్తుంది. చెప్తే వినాలి.

"నీకు ఏదీ దాని మానాన దాన్ని ఉండనివ్వడం చేతకాదా?" అంది ఇందాక అక్క. అంటూనే, నేను పొద్దున్నే పోసి, వత్తి పక్కకి వాలకుండా పుల్లలు అడ్డం పెట్టి, అపురూపంగా ఆరబెట్టుకున్న కొవ్వొత్తిని గ్లాసుతో సహా చెత్తబుట్టలో పడేసింది. దోమని కూడా నొప్పి తగలకుండా తోలే మనిషి తను.

ఆ మాట కొవ్వొత్తి గురించా, నా గురించా?

ఆ వానాకాలం మొదట్లో నేను ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం మానేసి, రెండు పెట్టెలతో అక్క ఇంట్లో దిగాను. అది నేను మానేసిన మొదటి ఉద్యోగం కాదు. ఎక్కడా కాలు నిలవదని బావ నాకు బొంగరం అని పేరు పెట్టాడు. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. "ఈ ఊళ్ళో సగం మంది నా చేతి మీదుగానే పైకొచ్చారు" అని కొత్తవాళ్ళతో చెప్పుకోవడం తనకి సరదా. అక్క ఆ జోకుకి పెళ్ళైన కొత్తలో నవ్వేదట.

నేను వచ్చిన కొద్దిరోజులకే అక్క ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల తెల్లటి మైనం పలుకులు, వత్తుల కట్ట, మందపాటి గాజు గ్లాసులు, నాలుగు చిన్న సీసాల్లో తైలాలు. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి.

"ఖాళీగా కూర్చుంటే బుర్ర పాడవుతుందే. కొవ్వొత్తులు చేసుకో. చాలామంది ఇంట్లో సరదాకి చేసుకుంటున్నారట."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మనసు బాగోలేనివాళ్ళ చేత ఆసుపత్రుల్లో బుట్టలల్లిస్తారని ఎక్కడో చదివాను. నా బుట్ట వచ్చేసిందన్నమాట. అక్క నన్ను చూసి జాలిపడుతోంది. ఆ జాలికి రంగూ రుచీ లేవు గాని, వాసన మాత్రం నాలుగు రకాలు.

కానీ పనిలో దిగాక పని నన్ను పట్టుకుంది. మరిగే నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించాలి. అది తేటబడగానే తైలం పోసెయ్యకూడదు, వేడికి వాసన ఎగిరిపోతుంది. కాస్త చల్లారనివ్వాలి. మరీ చల్లారితే తైలం కలవదు, పైన చెమటలా పేరుకుంటుంది. ఆ రెంటికీ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది, అందులోంచి దూరాలి. పోసి, ఆరాక, మూతపెట్టి కొన్ని రోజులు వదిలెయ్యాలి. అప్పుడే వాసన మైనంలో ముదురుతుంది. మొత్తం పనిలో కష్టమైన భాగం ఏమీ చెయ్యకుండా ఉండటం. అది నా వల్ల అయ్యేదా? మర్నాటికే మూత తీసి ముక్కు పెట్టేదాన్ని. పైగా ఒకసారి చేసిన వాసన రెండోసారి చెయ్యాలంటే ప్రాణం మీదికొచ్చేది. అందుకని కలిపేదాన్ని. గులాబీలో నీలగిరి కలిపినప్పుడు బావ గుమ్మంలోనే ఆగిపోయి గట్టిగా పీల్చి, "జలుబు చేసిన పెళ్ళికూతురు" అన్నాడు.

ఆ వానలకి కిటికీలు తెరిచే వీల్లేదు. ఏ పూట ఏ వాసన కరిగిస్తే ఇల్లంతా ఆ వాసనే. తువ్వాళ్ళలో, దిండ్లలో, ఉప్పు డబ్బాలో కూడా. చేసే మనిషికి మాత్రం కాసేపటికి ఎక్కువైందో తక్కువైందో తెలియదు, ముక్కు నిండా అదే వాసన. అందుకే బయటనుంచి వచ్చినవాళ్ళని అడగాలి. అలా అడగడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఎవరు గుమ్మం దాటినా చెప్పులు విప్పకముందే నా ప్రశ్న సిద్ధం. "ఏం తెలుస్తోంది?"

అక్కకి మాత్రం కలిపినవి పనికిరావు. డ్యూటీకి వెళ్ళేముందు నాలుగు గ్లాసులూ బల్ల మీద పెట్టుకుని, వెలిగించకుండానే, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. పొయ్యి మీద టీ పొంగినా లేచేది కాదు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

అన్నీ బాగున్నాయి. ఒకసారి పరధ్యానంలో తైలం వెయ్యడమే మర్చిపోయి వట్టి మైనం పోసేశాను. నేను చెప్పేలోపే అక్క ఆ గ్లాసు తీసుకుంది. చాలాసేపు పీల్చింది. కళ్ళు తెరిచి, "బాగుంది" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత జాలి ఎవరడిగారు? ఎందుకంటే అక్క ముక్కు తప్పడం జరగని పని. అక్క ఉద్యోగమే అది. పాల డైరీలో, క్యాన్లు దిగే అరుగు మీద, మొదట నిలబడే మనిషి తనే. మూత తీసి, తిరగేసి, ఆ మూతని వాసన చూస్తుంది. పాల వాసన ముందు మూతకే పడుతుందట. "దించండి" అంటే ట్యాంకులోకి, "పక్కన" అంటే వెనక్కి. పశువు ఏం మేసిందో, క్యాను దేనితో కడిగారో చెప్పేస్తుందని అక్కడ అందరూ తనని ముక్కు మేడం అంటారు. అలాంటి మనిషి వట్టి మైనాన్ని పట్టుకుని బాగుందంటే నేనేమనుకోవాలి? ఇది ఎలా చేసినా మెచ్చుకుందాం, పాపం, అని తీర్మానించుకుందనే కదా.

మనసు ఒకసారి ఒక అర్థానికి అలవాటుపడితే, ఎదురుగా ఏనుగు నిలబడినా దాని నీడనే చూస్తుంది. నేను అక్క జాలిని చూస్తున్నాను. కోపాన్ని కూడా జాలి తిరగబడటమే అనుకున్నాను.

గిన్నె శుభ్రపడలేదు. హాల్లోకి వెళ్ళి అడగనూ లేదు. తర్వాత కొన్నాళ్ళు ఇద్దరం ఒకరి కాళ్ళకి ఒకరం అడ్డం రాకుండా తిరిగాం.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాన హోరున పడుతుంటే ఎవరో తలుపు కొట్టారు. నేను పొద్దున్నుంచీ లవంగం కరిగిస్తున్నాను. తలుపు తీస్తే తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని ఒకావిడ, చేతిలో చిన్న స్టీలు క్యాను.

"ముక్కు మేడంగారి ఇల్లు ఇదేనా?"

"ఇదేనమ్మా. మేడం, ముక్కు, ఇద్దరూ ఇక్కడే ఉంటారు" అన్నాడు బావ పేపరు వెనకనుంచి.

ఆవిడ నవ్వలేదు. అక్కని చూడగానే గుమ్మంలోనే మొదలుపెట్టింది. "వరసగా నా పాలు పక్కన పెడుతున్నారు మేడం. మొదట్లో నేనేమీ అనలేదు. మీ ముక్కంటే మాకు తిరుగులేదు. నిన్న కూడా పక్కనే అన్నారు. నా ఆవు మీకేం ద్రోహం చేసింది?"

"పులుపు తగిలిందమ్మా."

"సరే. ఇవి ఇప్పుడు పితికినవి. పితికి తిన్నగా ఇక్కడికే వచ్చాను. నా ఎదురుగా చెప్పండి."

అక్క మూత తీసింది. తిరగేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను తన ముఖాన్ని చూశాను. వాసన చూస్తున్న మనిషి కళ్ళు లోపలికి తిరుగుతాయి. అక్క కళ్ళు బయటే ఉన్నాయి. ఆవిడ ముఖంలో దేన్నో వెతుకుతున్నాయి.

"కాస్త తేడాగానే ఉంది" అంది చివరికి.

ఆవిడ ఆ మూతని లాక్కుని నా ముఖం ముందు పెట్టింది. "నువ్వు చెప్పమ్మా. నీకూ ముక్కుందిగా."

పీల్చాను. లవంగం. మళ్ళీ పీల్చాను. లవంగమే.

"నాకు లవంగం వాసన వస్తోంది" అన్నాను, ఉన్నమాటే చెబుతూ.

"పాలల్లో లవంగమా!" ఆవిడ బావ వైపు తిరిగింది. "మీరెందుకు ఊరుకున్నారు సార్? ఒకరికి పులుపు, ఇంకొకరికి లవంగం. మీరు కూడా చూస్తే కుంకుమపువ్వు తగుల్తుందేమో."

బావ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క ఉద్యోగం సంగతుల్లో తను ఎప్పుడూ వేలుపెట్టడు.

ఆవిడ క్యాను గడప లోపల పెట్టింది. "కాచుకోండి. విరిగితే పారబొయ్యండి. విరక్కపోతే మీ మనసుకే తెలియాలి." సంచి సర్దుకుని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగివ్వాలని కూడా మాకెవరికీ తోచలేదు.

అక్క కుర్చీలో కూర్చుంది. బావ కూర్చునే ఉన్నాడు. కూర్చోలేనిది నేనొక్కదాన్నే కాబట్టి నేనే పాలు పొయ్యి మీద పెట్టాను. మెల్లగా ఇద్దరూ వచ్చి నా వెనక నిలబడ్డారు. ముగ్గురం ఏదో శవపరీక్ష చూస్తున్నట్టు గిన్నెలోకి చూశాం. పాలు వేడెక్కాయి, మీగడ ముడతలు పడింది, అంచుల్లో బుడగలు లేచాయి, గుప్పున పొంగాయి. విరగలేదు.

బావ గ్లాసులో పోసుకుని ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. "అబ్బ, ఎంత కమ్మగా ఉన్నాయే!" అన్నాడు. అనేశాక గాని అక్క పక్కనే ఉందని గుర్తురాలేదు.

అక్క ఆ గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది.

"ఏవండీ, వీటికి వాసనుందా?"

"ఉంది. పాల వాసన."

"అంటే ఎలా ఉంటుంది?"

బావ జోకు వెయ్యడానికి నోరు తెరిచాడు. వెయ్యకుండానే గ్లాసు అక్క చేతిలోంచి తీసి గట్టు మీద పెట్టాడు.

ఎండాకాలం చివర్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ అక్క ముక్కుని పట్టుకుపోయిందట. డాక్టరు చూసి, మందేమీ లేదన్నాడట. రోజూ నాలుగు వాసనలు, వేటికవి విడిగా, మనసు పెట్టి పీలుస్తూ ఉండమన్నాడు. నెలలు పట్టొచ్చు. రాకపోనూ వచ్చు.

"బీరువాలో సీసాలు పెట్టుకుని దొంగచాటుగా చూస్తుంటే మీకు తెలిసిపోతుంది. దీని చేత కొవ్వొత్తులు చేయిస్తే ఎవరికీ అనుమానం రాదనుకున్నాను" అంది అక్క నా వైపు చూపిస్తూ. తర్వాత నన్నే చూస్తూ అంది. "నువ్వేమో కలిపేస్తున్నావు. కలిపేస్తే ఏది వస్తోందో ఏది రావడం లేదో నాకెలా తెలుస్తుందే?"

అక్కది జాలి కాదని తెలిసి నేను సంతోషించాలి. చిత్రంగా, చిన్నబుచ్చుకున్నాను. జాలి అయితే కనీసం నా గురించి. ఇక్కడ నేను మైనం కరిగించే చేతిని మాత్రమే. మనిషి మనసు ఎంత నీచంగా ఉంటుందో, దాన్ని ఎవరూ చూడనప్పుడు!

"మరి ఇన్నాళ్ళూ డైరీలో?" అన్నాడు బావ.

"ఆలస్యంగా వచ్చిన క్యాన్లు పక్కన పెట్టేస్తున్నాను. ఈవిడ దూరంనుంచి వస్తుంది, రోజూ ఆలస్యమే." అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పులిసినవి దిగినా లోపల ల్యాబులో పట్టుకుంటారు. కిరసనాయిల్ క్యానులో పోసినవి, పురుగుమందు చేత్తో ముట్టుకున్నవి, అవి ముక్కుకే తెలియాలి. అలాంటిది ఒక్క క్యాను నా చేతి మీదుగా దిగితే... ప్యాకెట్లు ఎక్కడెక్కడికో వెళ్తాయండీ. పసిపిల్లల ఇళ్ళకి వెళ్తాయి."

మర్నాడు అక్క వెళ్ళి, ఆవిడ పాలల్లో దోషం లేదు, పొరపాటు నాదేనని అందరిముందూ చెప్పి, సెలవు పెట్టి వచ్చింది. సెలవుకి కాళ్ళనొప్పులు కారణం. ముక్కు సంగతి కూడా చెప్పెయ్యొచ్చు కదా అన్నాను నేను.

"చెప్తే అరుగు మీద ఇంకొకరిని నిలబెడతారు. నన్ను లోపల ఖాళీ క్యాన్లు చూసుకోమంటారు. ముక్కు మేడంలో ముక్కు తీసేస్తే మిగిలేదేంటి, వట్టి మేడం. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు."

సెలవు అయ్యేలోపు ముక్కు తిరిగి రావాలి. రాకపోతే ఆ అరుగు అక్కది కాదు. మా ఇల్లంతా దీని చుట్టూ తిరగడం మొదలైంది.

నేను కలపడం మానేశాను. నిమ్మ అంటే నిమ్మే. మళ్ళీ నిమ్మ. ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ పెన్సిల్ నడిపినట్టు ఉండేది. తైలం పోసే క్షణంలో చెయ్యి తనంతట తాను పక్క సీసా వైపు జరిగేది, వెనక్కి లాక్కునేదాన్ని. నేను కూర్చోలేక వంటింటికీ వరండాకీ తిరుగుతుంటే, "ఏంటి బొంగరం, తాడు చుట్టకుండానే తిరుగుతున్నావు?" అనేవాడు బావ.

పరీక్ష పెట్టే పని బావ తీసుకున్నాడు. పొద్దునా సాయంత్రం అక్క కళ్ళు మూసుకుని కూర్చునేది, బావ గ్లాసులు అందించేవాడు. మొదట్లో అక్క ఏదీ చెప్పలేకపోయేది. నిమ్మ పెడితే "తడి గోడ" అనేది. లవంగం పెడితే "ఏమీ లేదు, ఏదో గుచ్చుతోంది" అనేది. బావ తప్పయినా మెచ్చుకునేవాడు. "గుచ్చుతోందన్నావు చూడు, అదే లవంగం. దారిలో పడ్డావు."

వానలు పలచబడుతున్నకొద్దీ జవాబులు సరిపడటం మొదలైంది. ముందు ఒకటి, తర్వాత రెండు. నాకేమో వేరే ఊళ్ళో ఒక ఆఫీసునుంచి రమ్మని కబురొచ్చింది. ఎప్పటిలాగే కాళ్ళు ముందుకి లాగాయి. అక్క ముక్కు తేలాక చెప్తానని వాళ్ళకి చెప్పాను. కారణం అలా చెప్పలేదులెండి.

సెలవు ముగిసేముందు రోజు సాయంత్రం అక్క నాలుగూ సరిగ్గా చెప్పింది. తడుముకోకుండా. బావ ఆఖరి గ్లాసు బల్ల మీద పెట్టి, అక్క రెండు చేతులూ పట్టుకుని గదిలో గిర్రున తిప్పాడు. "గ్రౌండు, ఒకటి, రెండు, మూడు! నా లిఫ్టు ఎక్కడా ఆగలేదు చూడు!" అక్క ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ డైరీకి ఫోను చేసింది, రేపట్నుంచి వస్తున్నానంది. నేను చప్పట్లు కొట్టాను. కొడుతూనే ఉన్నాను. కానీ నాకు ఒకటి కనబడింది. మూడో గ్లాసు ఇంకా గాల్లో ఉండగానే అక్క "గులాబీ" అంది.

కింది అంతస్తునుంచి పైకి, ఒక్కొక్కటీ ఆగుతూ, లిఫ్టుని పరీక్షించే మనిషి బావ. గ్లాసుల్నీ అలాగే అందించాడు. రోజూ అదే వరస. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి. తను మోసం చెయ్యలేదు, వరస తప్పించాలని తనకి తోచలేదంతే. అక్కా మోసం చెయ్యలేదు. వరస తెలిసిపోతే మిగతాది ఆశే పూరిస్తుంది, అది వాసనలాగే ఉంటుంది.

ఆ సాయంత్రం వరండాలో ఎంతసేపు తిరిగానో. చెప్పాలి. చెప్పకూడదు. అసలు నేను అనుకున్నది తప్పేమో. నిజంగానే వచ్చిందేమో. చెప్పాలనిపించడంలో నా స్వార్థం ఎంత? అక్క ఇంట్లోనే ఉంటే నేనూ ఇక్కడే ఉండొచ్చు, నా నిలకడలేనితనానికి ఒక మర్యాద దొరుకుతుంది. చెప్పకూడదనిపించడంలో పిరికితనం ఎంత? వెళ్ళిపోవడం నాకు బాగా వచ్చిన విద్య. పొద్దున్నే బస్సెక్కితే, అరుగు మీద ఏ క్యాను దిగినా నేను చూడక్కర్లేదు. లోపల బావ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ ఇంట్లో అన్నాళ్ళకి ఆ చప్పుడు వినబడింది. నేను దాని మీద కాలు పెట్టలేకపోయాను.

పొద్దున అక్క తెల్లకోటు ఇస్త్రీ చేసుకుని తొడుక్కుంది. బావ స్కూటరు బయటికి తియ్యడానికి కిందకి వెళ్ళాడు. అక్క గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, బల్ల దగ్గర కూర్చుంది.

"ఒక్కసారి పెట్టవే. ఊరికే, ధైర్యానికి."

కళ్ళు మూసుకుంది. నుదుటి మీద జుట్టు ఇంకా తడిగా ఉంది. చిన్నప్పుడు పరీక్షకి వెళ్ళేముందు నన్ను ప్రశ్నలడగమని ఇలాగే కూర్చునేది. అప్పుడు నేను కష్టమైనవి వదిలేసి తనకి వచ్చినవే అడిగేదాన్ని.

నా చెయ్యి నిమ్మ దగ్గరికి వెళ్ళింది. దాన్ని దాటింది. గులాబీ గ్లాసు తీసి, మూత తప్పించి, అక్క ముక్కు కింద పట్టుకున్నాను.

అక్క నిండుగా, తొందరపడకుండా పీల్చింది. ముఖం మెల్లగా విచ్చుకుంది. నిజంగా ఏదో తెలిసినట్టే.

"నిమ్మ" అంది.

కింద బావ హారన్ కొట్టాడు. రెండుసార్లు, హుషారుగా. అక్క కళ్ళు మూసుకునే నవ్వుతోంది. అవును అంటే చాలు. బరువులేని మాట. ఆ వానాకాలమంతా మేం ముగ్గురం ఒకరికొకరం అందించుకున్నది అలాంటి మాటలే.

"కాదక్కా" అన్నాను.

గ్లాసు మాత్రం అక్కణ్ణుంచి తియ్యలేదు.